పదకొండు సమానం పదకొండు

బీఎడ్ చదువుతున్న మీలో కొందరు వచ్చే జూన్‌లో మొదటిసారి సుద్దముక్క పట్టుకుని తరగతి ముందు నిలబడతారు. మీకు బుద్ధులు చెప్పేంత అనుభవం నాకు లేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్లగొండ జిల్లాలో ఒక చేనేత ఊరి ఉన్నత పాఠశాలలో, విద్యా వాలంటీరుగా రెండేళ్ళు లెక్కలు చెప్పాను. మూడో ఏడు బడి తెరిచారు గానీ మా వాలంటీర్లను పిలవలేదు. వీడ్కోలు సభ, శాలువా ఏమీ జరగలేదు. బీరువా తాళంచెవి ఒకటి నా సంచిలో ఉండిపోతే వెళ్ళి ఇచ్చి వచ్చాను, అంతే నా పదవీ విరమణ. ఇప్పుడు వేరే ఊళ్ళో, ఎవరి ముందూ నిలబడి మాట్లాడనక్కరలేని పని చేసుకుంటున్నాను. అయినా ఆ రెండేళ్ళలో ఒక రోజు, అన్నం కలుపుకుంటుంటేనో బస్సులో కిటికీ పక్కన కూర్చుంటేనో ఉన్నట్టుండి గుర్తొస్తుంది. చెవులు వేడెక్కుతాయి. పక్కనున్నవాళ్ళు ఏమైందని అడుగుతారు. ఏమీ లేదంటాను.

నేను చిన్నప్పటి నుంచీ నలుగురిలో నోరు విప్పని మనిషిని. బీఎడ్‌లో మార్కులు బాగానే వచ్చాయి, పరీక్ష కాగితం మన ముఖం చూడదు కాబట్టి. బడిలో చేరాక మాత్రం ఎనభై కళ్ళు ఒక్కసారి నా మీద పడేసరికి పుస్తకంలోంచి తల ఎత్తలేకపోయాను. రెండు మూడు వారాల్లో దానికొక దారి కనుక్కున్నాను. ముందురోజు సాయంత్రం కిరాయి గదిలో లెక్క మొత్తం డైరీలో చేసుకుని, దాదాపు బట్టీ పట్టి, మరునాడు పిల్లలకు వీపు పెట్టి నల్లబల్ల మీద దించేదాన్ని. నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది. పిల్లలు బుద్ధిగా నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకునేవారు. గంట కొడితే వెళ్ళిపోయేదాన్ని. చెప్పింది వాళ్ళకు అర్థమైందో లేదో నాకు తెలిసేది కాదు. తెలియాలంటే వెనక్కి తిరగాలి కదా.

మా బడిలో హిందీ చెప్పే మేడం ఉండేది. నల్లగొండ నుంచి స్కూటీ మీద వచ్చేది. మనసులో ఏదుంటే అది పైకి అనే మనిషి. ఒకసారి మా తరగతి ముందు నుంచి పోతూ కాసేపు ఆగి చూసిందట. మధ్యాహ్నం టిఫిన్ గిన్నె మూత తీస్తూ, "బల్లకైతే లెక్కలు మంచిగ వచ్చినయి. ఇగ పిల్లలకెప్పుడు చెప్తవ్?" అంది. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట నిజమని అప్పుడు అనుకోలేదు.

పదో తరగతిలో ఒక అమ్మాయి దసరా సెలవుల తర్వాత బడికి రాలేదు. రాని పిల్లల ఇళ్ళకు టీచర్లం వెళ్ళాలని ప్రధానోపాధ్యాయుడు ఇళ్ళు పంచితే ఆ ఇల్లు నా వంతుకు వచ్చింది. లోపలి గదిలో వాళ్ళ నాయిన మగ్గం నేస్తున్నాడు. ముందర వసారాలో ఆ అమ్మాయి ఆసు పోస్తోంది. అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చెక్క ఒకటి ఉంటుంది. మధ్య మేకు నుంచి చుట్టూ ఉన్న మేకులకు నూలును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోయాలి. ఆడవాళ్ళ భుజాలు అరిగిపోయే పని అది. తల్లికి భుజం లేవకుండా అయితే కూతురు ఆ చెక్క ముందు కూర్చుంది.

తల్లి నన్ను చూసి మొహమాటపడింది. తన చెయ్యి కొంచెం నయమైందనీ, పిల్లనే ఇప్పుడు బడికి పోనంటోందనీ చెప్పింది. "పదన్న గట్టెక్కితే ఇంకేమన్న సదువుకుంటది మేడం. లేకపోతే నా తీర్గ గీ చెక్క ముందటనే గద. నా భుజం చూడుండ్రి" అని రవిక మీది నుంచే చెయ్యి పెట్టి చూపించింది.

ఆమె నీళ్ళు తేవడానికి లోపలికి పోయినప్పుడు నేను ఆ అమ్మాయిని ఎందుకు రానంటున్నావని అడిగాను. నూలు పోస్తూనే తల ఎత్తకుండా చెప్పింది. "కొడ్తరని భయం కాదు మేడం. లేపుతరు గదా. నిలవడితే అందరు నా దిక్కే చూస్తరు. గప్పుడు వచ్చింది గూడ పోతది."

ఆ బడి మొత్తంలో ఆ భయం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "నేనైతే నిన్నెప్పుడు ఎవరి ముందట లేపను. నా మాట" అన్నాను. అప్పుడు తల ఎత్తి నా ముఖం చూసింది. మరుసటి సోమవారం బడికి వచ్చి మూడో బెంచీ చివర, గోడ పక్కన కూర్చుంది. ఆ రోజు నా డైరీలో చాలా సంతోషంగా రాసుకున్నాను.

మా చుట్టుపక్కల బళ్ళ టీచర్లు అప్పుడప్పుడూ ఒక బడిలో సమావేశమవుతారు. ఆ బడి టీచరు ఒకరు నిజమైన తరగతిలో పిల్లలకే నమూనా పాఠం చెప్పాలి. మిగతావాళ్ళు వెనక బెంచీల్లో కూర్చుని చూసి, తర్వాత మంచీ చెడూ చెబుతారు. ఆ తర్వాత అందరూ కలిసి భోజనం చేస్తారు. ఆ చలికాలం మా బడి వంతు వచ్చింది. లెక్కల పాఠం కావాలన్నారు. మా బడిలో లెక్కల సారు పోస్టు ఖాళీ. అంటే నేనే. పాఠం, రెండు చరరాశుల సమీకరణాలను ప్రతిక్షేపణ పద్ధతిలో సాధించడం.

నా ముఖం చూసి సాంఘికశాస్త్రం సారుకు జాలేసింది. ఆయనకు రిటైర్మెంటు దగ్గరపడింది. తనిఖీలను ఎట్లా దాటాలో ఆయన దగ్గర నేర్చుకోని టీచరు ఆ మండలంలో లేడని ఆయనే చెప్పుకునేవాడు.

"జర సులువు ఉపాయం చెప్త ఇను చెల్లె" అన్నాడు. "తెల్సినోళ్ళు కుడి చెయ్యి ఎత్తాలె. తెల్వనోళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలె. నువ్వేం అడిగినా తరగతి నిండ చేతులే. నువ్వు కుడి చేతులోళ్ళనే లేపు. వచ్చిన సార్లు ఖుష్, మనం ఖుష్. వాళ్ళ బడులల్ల గూడ గిదే నడుస్తది, ఫికర్ చెయ్యకు."

అది సరైనదా కాదా అని నేను ఆలోచించనేలేదు. హమ్మయ్య అనుకున్నాను. ముందురోజు మధ్యాహ్నం పిల్లలతో సాధన చేయించాం. వాళ్ళకది ఆటలా ఉండి కేరింతలు కొట్టారు. సారు ముందర నిలబడి ప్రశ్నలు వేశాడు. నేను వెనక, రేపు పెద్దలు కూర్చునే చోట నిలబడి ఎట్లా కనబడుతుందో చూశాను. గది నిండా చేతులు లేచాయి. కుడి చేతులెవరివో, ఎడమ చేతులెవరివో తేటగా తెలిసింది. మూడో బెంచీ చివర అమ్మాయి ఎడమ చెయ్యి గోడకు తగులుతూ లేచింది. అంతా బాగుందని నమ్మకం కుదిరింది.

మరునాడు వెనక బెంచీలు నిండిపోయాయి. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నాకన్నా రెండింతలు వయసున్నవాళ్ళు. లెక్కల్లో పేరున్న ఒక పెద్దసారు అందరికీ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ళ పాఠాలు చూసి సలహాలు చెప్పే పని ఆయనది. నేను బల్ల మీద రెండు సమీకరణాలు రాశాను.

2x + y = 11
x + 3y = 13

మొదటి సమీకరణం నుంచి y విలువను x లో రాయాలి, ఎవరు రాస్తారు అని అడిగాను. చేతులన్నీ లేచాయి. మొదటి బెంచీలో బాగా చదివే పిల్లవాడి ముఖం నాకు తెలుసు కాబట్టి వాడిని పిలిచాను. వాడు వచ్చి y = 11 − 2x అని రాసి వెళ్ళాడు. పెద్దసారు తల ఊపాడు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

"ఇప్పుడు ఈ విలువను తీసుకుని ఏం చేయాలి?" అన్నాను. మళ్ళీ చేతులు లేచాయి. ఆ క్షణంలో నేను ముఖాలు చూడలేదు. ముఖాలు చూస్తే వెనక కూర్చున్నవాళ్ళ ముఖాలు కూడా కనబడతాయి. ఉత్త చేతులు చూశాను. కుడి చేతులు, కుడి చేతులు అని లోపల అనుకుంటూ, నా కుడివైపుకు లేచిన చేతుల్లో ఒకదాన్ని సుద్దముక్కతో చూపించి, "నువ్వు రా" అన్నాను.

వెనక నిలబడి చూసినప్పుడు పిల్లల కుడి నాకూ కుడే. ముందర నిలబడితే వాళ్ళ ఎడమ నా కుడివైపు ఉంటుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

మూడో బెంచీ చివర ఆ అమ్మాయి లేచి నిలబడింది. నేను చూపించిన చెయ్యి ఆమెదని అప్పుడు తెలిసింది. కూర్చో అనడానికి అప్పటికీ సమయం ఉంది. ఇంకొకరిని పిలవవచ్చు. నేనేమీ అనలేదు. ఆమె ఒక్క క్షణం ఆగి, నా చేతిలోని సుద్దముక్క తీసుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. y ఉన్నచోట 11 − 2x పెట్టాలని ఆమెకు తెలుసు. ఏ సమీకరణంలో పెట్టాలో తెలియదు. తన ముందు మొదట కనబడినదాంట్లోనే పెట్టింది. 2x + 11 − 2x = 11 అని రాసింది. ఒక 2x ఇంకో 2x తో పోయింది. కింద మెల్లగా, 11 = 11 అని రాసి ఆగిపోయింది.

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. పెద్దసారు కుర్చీలో ముందుకు వంగాడు. చెడ్డ మనిషేమీ కాదు. హాస్యంగానే అడిగాడు. "పదకొండు సమానం పదకొండు. మంచిదే. మరి x ఎంత బిడ్డా?"

ఆమె సుద్దముక్కను గుప్పిట్లో దాచుకుంది.

"తెల్వనప్పుడు చెయ్యెందుకు లేపినవ్ మరి?"

మీరు దీన్ని ఒకసారి ఊహించుకోండి. ఆమె దగ్గర నిజమైన జవాబుంది. మేడమే లేపమంది సార్, తెల్వనోళ్ళం ఎడమ చెయ్యి లేపినం అంటే చాలు. తరగతిలో ప్రతి ఒక్కరికీ ఆ జవాబు తెలుసు. నాకు తెలుసు. ద్వారం దగ్గర నిలబడ్డ సాంఘికశాస్త్రం సారుకు తెలుసు. ఆమె ఆ మాట అనలేదు. తల వంచుకుని నిలబడింది. నేను కూడా అనలేదు.

"గిది దొంగ చెయ్యి అన్నట్టు" అన్నాడు పెద్దసారు. గది మొత్తం నవ్వింది, పిల్లలతో సహా. "పో, కూసో" అని ఆయనే పంపించాడు. మిగతా లెక్క మొదటి బెంచీ పిల్లవాడు పూర్తి చేశాడు. x నాలుగు, y మూడు. పాఠం అయ్యాక అందరూ నాలుగు మంచిమాటలు చెప్పారు. బల్ల మీద రాత చాలా బాగుందని పెద్దసారు ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. బగారన్నం వడ్డించేటప్పుడు నేను గరిటెడు పళ్ళెం పక్కన వేస్తే, మొదటి పాఠం కదా, అట్లనే ఉంటది అని ఒక మేడం ధైర్యం చెప్పింది.

మర్నాటికి ఆ అమ్మాయికి పేరు పడింది. నీళ్ళ ట్యాంకు దగ్గరికి వస్తే, "ఏయ్, పదకొండొస్తాంది జరుగుండ్రి" అన్నారట పిల్లలు. ఇంకొకడు ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడట. రెండు రోజులు భరించింది. తర్వాత రాలేదు. నేను హాజరు పిలుస్తూ ఆమె పేరు దగ్గర ఆగేదాన్ని. ఎవడో వెనక నుంచి పదకొండు అనేవాడు. నేను వినబడనట్టు తర్వాతి పేరు పిలిచేదాన్ని.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. మానేసిన పిల్ల చెక్క ముందు కూర్చుంటే మళ్ళీ లేవదని నాకు తెలుసు. హిందీ మేడంకు జరిగింది మొత్తం చెప్పాను. ఆమె నవ్వలేదు. "మరి గిన్ని రోజులు ఏం చేస్తున్నవ్? నెత్తి వంచుకుని బాధపడుడేనా? నువ్వు బాధపడితే గా పిల్లకేమొస్తది? నడువు" అని స్కూటీ తీసింది.

ఆ ఇంటి వసారాలో కూర్చుని నేను తల్లికి అంతా వివరంగా చెప్పుకున్నాను. వెనక నిలబడితే ఎట్లా కనబడిందో, ముందు నిలబడితే ఎట్లా మారిపోయిందో, చేతులు తిప్పి తిప్పి చూపించాను. తల్లికి నవ్వాగలేదు. "కుడెడమ తెల్వకనేనా మేడం గిన్ని లెక్కలు చెప్పవడితివి" అంది. హిందీ మేడం కూడా నవ్వింది. నేనూ నవ్వాలని చూశాను. అమ్మాయి మాత్రం ఆసు పోస్తూనే ఉంది. చాయ్ తాగి వచ్చేశాం.

దారిలో హిందీ మేడం, "గా ముచ్చట వాళ్ళమ్మకు చెప్తే అయిపాయెనా? ఎవల ముందట నవ్విన్రో వాళ్ళకు చెప్పాలె గద" అంది.

మర్నాడు పదో తరగతిలో బల్ల వైపు తిరగకుండా నిలబడ్డాను. ముందురోజు డైరీలో రాసుకున్న వాక్యాలన్నీ మర్చిపోయాను. ఎడమ చెయ్యి ఎత్తమని నేనే చెప్పాను, ఆ అమ్మాయి చెప్పినట్టే చేసింది, తప్పు పిలిచింది నేను, సారు అడిగినప్పుడు మాట్లాడవలసింది నేను అని ముక్కలు ముక్కలుగా చెప్పాను. గంట కొట్టాక వరండాలో ఎవడో నన్ను కుడెడమ మేడం అనడం వినబడింది. మంచిదే అనుకున్నాను. పేరు చేరాల్సిన చోటికి చేరింది. ఆ పెద్దసారుకు మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఒక్కదాన్నే నడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానే వెళ్ళాను. తరగతి ముందు చెప్పేశాను, ఇక నువ్వు రావచ్చు అన్నాను. ఆమె చెయ్యి మొదటిసారి ఆగింది.

"పిలిచినందుకు కాదు మేడం" అంది. "చేతులు తారుమారయితయి. ఎవలకన్న అయితయి. నేను బల్ల కాడ నిలవడ్డ. అందరు నా దిక్కే చూస్తున్నరు, మీరొక్కరే చూడలే. జర చూస్తే, పొమ్మంటరా, చెరిపెయ్యమంటరా తెలుస్తుండె. మీరు కిటికీ అవతలికి చూసిన్రు."

లోపల మగ్గం చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. నేను కిటికీ వైపు చూసిన సంగతి నాకే గుర్తు లేదు. ఆమె చెప్పాక గుర్తొచ్చింది. బయట సైకిళ్ళ పక్కన ఎవరో బకెట్ కడుగుతున్నారు. బకెట్ నీలం రంగు. ఆ పిల్ల నా మాట నమ్మి చెక్క ముందు నుంచి లేచి వచ్చి, నా తప్పును తన మీద వేసుకుని నిలబడితే, నేను ఆ బకెట్‌ను చూస్తూ నిలబడ్డాను.

ఏం చేయమంటవ్ చెప్పు అని మాత్రం అడగగలిగాను.

"పదకొండు సమానం పదకొండు ఎట్ల తప్పయితదో చెప్పుండ్రి" అంది. "గా సారు చెప్పలే. మీరు చెప్పలే. అందరు నవ్విన్రు గాని."

రెండో సమీకరణంలో పెట్టాలి కాబట్టి అన్నాను.

"ఎందుకు?"

పుస్తకంలో అట్లా ఉంది. బీఎడ్‌లో అట్లా చెప్పారు. డైరీలో అట్లా రాసుకున్నాను. మొదటిదాంట్లోంచి తీసి రెండోదాంట్లో పెట్టడం నాకు చెయ్యి చేసే పని, అంతే. ఎందుకని ఎవరూ నన్ను అడగలేదు, అడిగేవాళ్ళ వైపు నేను తిరగలేదు. రేపు చెప్తాను అని లేచాను. గదికి తిరిగి పోతూ నకిరేకల్ బస్సులో నిలబడి ఆ రెండు సమీకరణాలనూ మొదటిసారి చూస్తున్నట్టు చూశాను.

మరునాడు చెప్పాను. బల్ల లేదు. ఆమె ఆసు పోస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పాల్సి వచ్చింది. అర్థమవుతోందో లేదో ఆమె కళ్ళలో తప్ప ఇంకెక్కడా తెలిసే దారి లేదు.

"నువ్వు రాసింది తప్పు కాదు. పదకొండు పదకొండే. గని చూడు, మొదటి సమీకరణం మనకొక ముచ్చట చెప్పింది. రెండు xలు, ఒక y కలిస్తే పదకొండు అని. దాన్నే జర తిప్పి, y అంటే పదకొండులకెళ్ళి రెండు xలు తీసేస్తే మిగిలేది అని రాసుకున్నం. గదే ముచ్చట తీసుకపోయి మళ్ళ దాన్నే అడిగితే, అవును, నేను చెప్పిందే గద అంటది. అబద్ధం చెప్పదు. కొత్తది గూడ ఏం చెప్పదు. రెండోదానికి వేరే ముచ్చట తెలుసు. దాన్ని అడగాలె."

ఆమె ముఖంలో ఏదో మెల్లగా సర్దుకోవడం చూశాను. ఒక మనిషికి ఒక సంగతి అర్థమవుతుంటే ఎట్లా ఉంటుందో ఉద్యోగంలో చేరిన రెండో ఏట మొదటిసారి చూశాను.

"అంటే నేను అడిగినదాన్నే మళ్ళ అడిగిన. గంతేనా?"

"గంతే."

"గంతదానికి గంత నవ్విన్రా?" అంది.

ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు వెళ్ళాను. ఒకరోజు వస్తానంది, కానీ తన షరతు చెప్పింది. "బడికొస్త. బల్ల కాడికి మాత్రం రాను. మీరు గూడ గోడ దిక్కు తిరిగి చెప్పొద్దు." సరేనన్నాను. వచ్చిన రోజు ట్యాంకు దగ్గర ఒక పిల్లవాడు మళ్ళీ పదకొండు అన్నాడట. అవును, పదకొండే, తప్పెట్లనో నువ్వు చెప్పు అని నిలదీస్తే వాడు నోరు మూసుకున్నాడని మిగతా ఆడపిల్లలు నాకు మురిసిపోతూ చెప్పారు.

నా వంతు షరతు నిలబెట్టుకోవడం కష్టమైంది. బల్లకు పక్కగా నిలబడి, ఒక వాక్యం రాసి ఇటు తిరిగి, ముఖాలు చూసి, మళ్ళీ ఒక వాక్యం రాయడం నేర్చుకున్నాను. చేతిరాత వంకర పోయింది. చూస్తే సగం తరగతికి ఏమీ అర్థం కావడం లేదు. ఆ ముఖాలు కొత్తవి కావు. నేను రెండేళ్ళుగా వాటికి వీపు పెట్టి నిలబడ్డాను. ఉన్న కొద్ది వారాల్లో మళ్ళీ మొదటి నుంచి చెప్పుకొచ్చాను. అందరికీ అందలేదు. ఆ ఏడు లెక్కల్లో తప్పిన పిల్లల పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎవరో అడిగితే పోస్టు ఖాళీగా ఉండడం వల్ల అని ప్రధానోపాధ్యాయుడు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

ఆ అమ్మాయి తప్పలేదు. ఫలితాలు వచ్చిన రోజు ఆమె నాకు చెప్పలేదు. హిందీ మేడంకు ఫోన్ చేసింది, ఆమె నాకు చెప్పింది. నల్లగొండలో ఇంటర్లో చేరిందని కూడా హిందీ మేడం ద్వారానే తెలిసింది. నాకెందుకు చెప్పలేదని మనసు చివుక్కుమంది. ఆ తర్వాత, నాకెందుకు చెప్పాలి అనిపించింది. నేను ఇచ్చిన మాట తప్పాను, ఆమె ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. మా మధ్య లెక్క అంతవరకే.

నాకు ఫలితాల రోజు కన్నా లెక్కల మొదటి పేపరు రోజు ఎక్కువ గుర్తుంది. వాలంటీర్లకు పరీక్షల డ్యూటీ ఉండదు. అయినా పొద్దున్నే బస్సెక్కి పరీక్ష కేంద్రం గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పిల్లలతో ఆటోలు వస్తున్నాయి. మా బడి పిల్లలు నన్ను చూసి చేతులు ఊపారు. ఆమె చివరి ఆటోలో దిగింది. చేతిలో అట్ట, దానికి క్లిప్పు పెట్టిన హాల్ టికెట్టు. గేటు నుంచి లోపలి మెట్ల దాకా మైదానం పొడవుగా ఉంది. చుట్టూ తల్లిదండ్రులు, టీచర్లు, పోలీసులు. నాకు తెలియనివాళ్ళు ఎందరో నన్ను చూస్తున్నారు. తల దించుకోవాలని, ఫోన్ తీయాలని, ఎటైనా చూడాలని మెడ లాగుతోంది.

ఆమె గేటు దాటి, మైదానం దాటి, మెట్లెక్కి, వరండాలో తన గది నంబరు వెతుక్కుని లోపలికి పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆమె ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూడవలసింది ఆమె కాదు.